బెయిల్ వచ్చిన మర్నాడే భద్రతా చట్టం

2017 నవంబర్ 2న అలహాబాద్ హైకోర్టు చంద్రశేఖర్ ఆజాద్‌కు బెయిలిచ్చింది. మర్నాడే యూపీ ప్రభుత్వం జాతీయ భద్రతా చట్టం ప్రయోగించింది. ఆయన బయటికొచ్చింది 2018 సెప్టెంబర్‌లో. భీమ్ ఆర్మీ నాయకుడు కాబట్టి దేశానికి తెలిసింది. అదే ఏ దళితవాడ కుర్రాడో అయితే?

1980 నాటి ఈ చట్టం ప్రకారం నిర్బంధానికి కారణాలు మామూలుగా 5 రోజుల్లో చెప్పాలి, అదీ నిర్బంధితుడికే. సలహా మండలి ముందు వకీలును పెట్టుకునే హక్కు లేదు. విచారణంతా గోప్యం. ఇన్‌ఫార్మర్ల పేర్లు దాచుకోండి, కాదనం. మనిషిని పట్టుకెళ్లిన సంగతి ఏం రహస్యం?

ఉత్తర్వు ఇచ్చిన జిల్లా మేజిస్ట్రేటే 24 గంటల్లో దాని తేదీ, జైలు పేరు, అంతకుముందు బెయిల్ వచ్చిందా లేదా అన్నది ప్రకటించాలని మేం అడుగుతున్నాం. పేరు మాత్రం నిర్బంధితుడి ఇష్టం. మండలి అభిప్రాయాన్నీ బయటపెట్టాలి, చట్టమే దాన్ని గోప్యత నుంచి మినహాయించింది.