చివరిసారి ఏం మార్చారు?

మా ఆఫీసులో ఏదైనా ఆగిపోతే ముందు వేసుకునే ప్రశ్న ఒక్కటే: ‘చివరిసారి ఏం మార్చాం?’ నిన్నటిదాకా నడిచింది ఇవాళ నడవట్లేదంటే, మధ్యలో ఎవరో ఏదో మార్చే ఉంటారు. రోజూ ఈ ప్రశ్నతో బతికేవాణ్ని, ఇంట్లో అవసరమైనప్పుడు మాత్రం అడగలేదు.

మా అక్కావాళ్లది గుంటూరు. మేనకోడలు తొమ్మిదో తరగతి. పోయినేడాది వానాకాలంలో తలనొప్పి అనడం మొదలుపెట్టింది. పొద్దున లేవగానే ఎక్కువ, పడుకుంటే ఇంకా ఎక్కువ. రెండుసార్లు వాంతి కూడా అయింది. అక్క వీడియో కాల్‌లో చెప్తే నేనిచ్చిన సలహా ఏంటో తెలుసా? ‘‘ఆ ఫోన్ లాక్కో అక్కా, అదే తగ్గుతుంది.’’ పిల్ల పక్కనుంచి, ‘‘ఫోన్ కాదు మామయ్యా, వంగి లేస్తే ఒక్క క్షణం కళ్లముందు అంతా మసకైపోతోంది’’ అంది. ‘‘సరిగ్గా తినకపోతే అంతే మరి’’ అని నవ్వేశాను.

మూడు వారాల తర్వాత, అద్దాలు రాయించుకుందామని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ చుక్కలు వేసి, లైటు పెట్టి చూసింది. అద్దాలు రాయలేదు. రెండు కళ్లలోనూ దృష్టి నరం వాచింది, ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్లండని చీటీ రాసిచ్చింది. ఆ రాత్రే హైదరాబాద్‌లో బస్సెక్కాను.

మెదడు, వెన్నుపాము చుట్టూ నీరు ఉంటుంది. పెద్దవాళ్లలో ఒక వేళకి ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే, కానీ రోజుకి దాదాపు అర లీటరు తయారవుతుంది. అంటే ఎప్పటికప్పుడు ఊరుతూ, ఇంకుతూ ఉండాలి. ఇంకడం తగ్గితే పుర్రె సాగదు కదా, లోపల ఒత్తిడి పెరుగుతుంది. దృష్టి నరం చుట్టూ ఉన్న పొరలోనూ ఇదే నీరు. అందుకే ఆ ఒత్తిడి కంటి వెనక దాకా వచ్చి నరాన్ని ఉబ్బిస్తుంది. దాన్నే పాపిలెడీమా అంటారు. వదిలేస్తే చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. పోయిన చూపు మళ్లీ రాకపోవచ్చు.

ముందు ఎమ్మారై తీశారు. మెదడులో గడ్డ లేదు, రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టలేదు. తర్వాత పక్కకి తిప్పి పడుకోబెట్టి, నడుము దగ్గర సూదితో నీటి ఒత్తిడి కొలిచారు. 34 సెంటీమీటర్లు.

నేను అప్పటికే ఫోన్‌లో చదివి 25 అనే అంకె పట్టుకుని ఉన్నాను. డాక్టరు ఓపిగ్గా చెప్పారు. 25 పెద్దవాళ్ల లెక్క. పిల్లల్లో 28 దాకా మామూలే కావచ్చు. మత్తు ఇచ్చినా, ఏడ్చి బిగుసుకుపోయినా అంకె పెరుగుతుంది. కొందరు పిల్లలకి అసలు తలనొప్పే ఉండదు. ఇంకొందరికి నరం వాపు లేకుండానే ఉబ్బినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక్క అంకె చూసి తేల్చరు. నరం, స్కానింగ్, లక్షణాలు అన్నీ కలిపి చూస్తారు.

అన్నీ చెప్పాక ఆయన అడిగారు: ‘‘ఈ రెండు మూడు నెలల్లో కొత్తగా ఏమైనా మందులు మొదలుపెట్టారా?’’

నా ప్రశ్నే అది!

‘‘ఏం లేవండీ’’ అంది అక్క. మంచం మీంచి పిల్ల మెల్లగా, ‘‘మొటిమల బిళ్లలు’’ అంది. డాక్సీసైక్లిన్. డాక్టరు ఒక నెలకే రాశారట. మొహం బాగుపడుతోందని అదే పాత చీటీతో మందుల షాపులో మళ్లీ మళ్లీ కొన్నారు. అది మందు అని అక్కకి తట్టనే లేదు.

ఈ రకం మందులు అరుదుగా కొందరిలో తలలోని నీటి ఒత్తిడిని పెంచుతాయి. విటమిన్ ఎ మోతాదు మించినా, మొటిమలకే వాడే ఐసోట్రెటినాయిన్ వల్లా, చాలాకాలం వాడిన స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపేసినా ఇలా జరగొచ్చు. చాలాసార్లు ఏ కారణమూ దొరకదు. పెద్ద పిల్లల్లో అధిక బరువూ ఒక కారణమే.

ఆ బిళ్లలు ఆపించి, అసిటజోలమైడ్ మొదలుపెట్టారు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, కూల్‌డ్రింక్ రుచి చెడిపోయిందని పిల్ల గొణిగేది. నాలుగు నెలలకి వాపు పూర్తిగా తగ్గింది. ఇప్పుడు చార్టులో చివరి వరస దాకా చదువుతుంది. చుట్టుపక్కల చూపు కొలిచే పరీక్షలో మాత్రం, ఎడమ కంటికి ముక్కు వైపు ఒక చిన్న నల్ల మచ్చ మిగిలింది. దానికి తెలియదు, మెషీన్‌కి తెలుసు. నాకూ తెలుసు. నేను నవ్వేసిన రోజుకీ, కంటి డాక్టరు చూసిన రోజుకీ మధ్య మూడు వారాలు.

మీ ఇంట్లో పిల్లలు పొద్దున్నే తలనొప్పి అన్నా, వంగి లేస్తే చూపు మసకేస్తోందన్నా, ఒకటి రెండుగా కనిపిస్తోందన్నా, చెవిలో గుండె చప్పుడు వినిపిస్తోందన్నా ఫోన్ మీద నెట్టేయకండి. కంటి నరం చూపించండి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే బిళ్లలన్నీ, మొటిమలవీ బలానికి వేసేవీ సహా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. భయపడి మీ అంతట మీరే ఏదీ ఆపేయొద్దు, డాక్టర్ని అడగండి.

మొన్న మా పిల్ల ఫోన్ చేసింది. ‘‘మామయ్యా, ఇవాళ తలనొప్పిగా ఉంది’’ అంది. ఈసారి నవ్వలేదు. ‘‘కొత్తగా ఏం మార్చావు?’’ అని అడిగాను.

‘‘రేపు లెక్కల పరీక్ష’’ అంది.