తూటాను ఆపే పోగు ఇక్కడే పుట్టాలి

బులెట్‌ప్రూఫ్ జాకెట్ల తయారీలో మనం చాలా దూరం వచ్చాం. నాణ్యతకు ఐఎస్ 17051 ప్రమాణం 2018లో ఏర్పడింది. అదే ఏడాది 1,86,138 జాకెట్ల కోసం సైన్యం రూ.639 కోట్లతో దేశీయ సంస్థతో ఒప్పందం చేసుకుంది. భాభా అణు పరిశోధన కేంద్రం పరిజ్ఞానంతో హైదరాబాద్‌లోని మిధాని సంస్థ ‘భాభా కవచ్’ జాకెట్ తయారుచేసింది. ఐఐటీ ఢిల్లీతో కలిసి డీఆర్‌డీవో రూపొందించిన ‘అభేద్’ జాకెట్ కనీస బరువు 2024 నాటికి 8.2 కిలోలకు దిగింది. అయినా తూటా వేగాన్ని పీల్చుకునే పోగు కోసం మనం ఇంకా ఎక్కువగా దిగుమతులపైనే ఆధారపడుతున్నాం. జవాను ప్రాణానికి అడ్డుపడే వస్తువు విషయంలో ఈ పరాధీనత ప్రమాదకరం.

ఈ పోగు తయారీ తేలికైన విద్య కాదు. డ్యూపాంట్ శాస్త్రవేత్త స్టెఫానీ క్వోలెక్ 1965లో చేసిన పరిశోధనల నుంచి కెవ్లార్ పుట్టింది. ఆరమిడ్ అనే ఈ రకం పాలిమర్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, సన్నని రంధ్రాల గుండా వదిలి, నీటిలో గట్టిపరచి పోగు తీస్తారు. ఆ క్రమంలో అణువులన్నీ ఒకే దిశలో బారులు తీరడమే దాని బలం. తర్వాత వచ్చిన అధిక అణుభార పాలిథిలిన్ పోగు నీటికన్నా తేలిక, కానీ వేడికి త్వరగా లొంగుతుంది. రెండింటికీ పాలిమర్ రసాయనం, వడికే యంత్రాలు, భారీ పెట్టుబడి ఒక్కచోట చేరాలి.

ఘాజియాబాద్‌లో 1974 నుంచి పనిచేస్తున్న ఉత్తర భారత వస్త్ర పరిశోధన సంఘం ‘నిట్రా’, రక్షణ వస్త్రాలకు జాతీయ ఉత్కృష్టతా కేంద్రం. వస్త్రాన్ని పరీక్షించి మెరుగుపరిచే నైపుణ్యం అక్కడుంది. పాలిమర్ రసాయనానికి హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ తోడైతే ప్రయోగాత్మక కర్మాగారం సాధ్యమే. 2020లో రూ.1,480 కోట్లతో ఆమోదించిన జాతీయ సాంకేతిక వస్త్రాల మిషన్ వంటి పథకాలు ఈ పనికి ప్రత్యేకంగా నిధులు కేటాయించాలి.

నిధులొక్కటే చాలవు. ఒకసారి భారీ ఆర్డర్ ఇచ్చి, ఆపై ఏళ్ల తరబడి మౌనం పాటిస్తే ఏ పారిశ్రామికవేత్తా ముందుకు రాడు. ప్రభుత్వం దీర్ఘకాలిక కొనుగోలుకు హామీ ఇవ్వాలి. ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లలో, బ్రేకు ప్యాడ్లలో కూడా ఆరమిడ్ పోగు వాడతారు కాబట్టి కర్మాగారం సైన్యం ఒక్కదానిపైనే ఆధారపడనక్కరలేదు.

తొందరపాటు మాత్రం కూడదు. అమెరికాలో 2003లో ఒక పోలీసు అధికారి ధరించిన జైలాన్ పోగు జాకెట్‌ను తూటా చీల్చుకుపోయింది. తేమకు, వెలుతురుకు ఆ పోగు క్రమంగా బలహీనపడుతుందని తర్వాత తేలింది. రాజస్థాన్ ఎండలో, ఈశాన్య తేమలో, సియాచిన్ చలిలో ఏళ్ల తరబడి వాడాక కూడా బలం నిలుస్తుందని నిరూపించాకే దేశీయ పోగును జవానుకు ఇవ్వాలి. ఆ పరీక్షలు నేడే మొదలుపెడితేనే వచ్చే దశాబ్దపు జాకెట్ పూర్తిగా మనదవుతుంది.