షాఫ్టు విరిగినా చక్రం నిలవాలంటే

ఢిల్లీ శివార్లలోని ఆరావళి రాళ్లదారుల్లో జీపు నడిపేవారికి వెనక ఇరుసు విరగడం పెద్ద భయం. సెమీ ఫ్లోటింగ్ ఇరుసులో ఒకే షాఫ్టు చక్రాన్ని తిప్పుతూ బండి బరువునూ మోస్తుంది. అది విరిగితే చక్రమే ఊడిపోవచ్చు. ఫుల్ ఫ్లోటింగ్‌లో చక్రం హబ్బు బేరింగులపై, ఇరుసు గొట్టం మీదే కూర్చుంటుంది. బరువు గొట్టం మోస్తుంది. షాఫ్టుకు తిప్పే పనే మిగులుతుంది. లారీల్లోనూ, రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపులోనూ ఉన్నది ఈ పద్ధతే.

అయితే పాత ఇరుసును ఇలా మార్చినప్పుడు, గొట్టం చివర కొత్తగా బిగించిన స్పిండిలే భారమంతా మోయాలి. బ్రేకుల అమరికా మారవచ్చు. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తోంది. కట్టడి ఒక్కటే ఉంటే పని చాటుగా సాగుతుంది. మానేసర్‌లోని ఐక్యాట్ వంటి కేంద్రాల్లో ఇలాంటి మార్పులను పరీక్షించి, నెగ్గినవాటికి అనుమతిచ్చే సులువైన దారి ఉండాలి. అతుకు ఎంత గట్టిదో రాళ్లదారిలో తేలకూడదు.