తన గురించి తాను

తన గొప్ప తాను చెప్పుకోవడం మర్యాద కాదని పెద్దలంటారు. అమెరికాలో న్యాయవిద్య అభ్యసించదలచిన వారికి మాత్రం తమను గురించి చెప్పుకోక తప్పదు. అక్కడ న్యాయశాస్త్రం డిగ్రీ పూర్తయిన తరువాత చదివే మూడేళ్ళ చదువు. ప్రవేశం కోరే విద్యార్థి డిగ్రీ మార్కులను, 1948లో మొదలైన ఎల్‌శాట్ వంటి పరీక్ష ఫలితాన్ని పంపడంతోపాటు ఒక వ్యక్తిగత వ్యాసాన్ని కూడా జతచేయాలి. చాలాచోట్ల దానికి రెండు పుటలే హద్దు. భారతదేశంలో 2008లో ప్రారంభమైన క్లాట్ పరీక్షలో ఇటువంటి వ్యాసం లేదు. అందువల్ల ఇక్కడ న్యాయశాస్త్రం చదివి పైచదువుకు అమెరికా వెళ్ళగోరే తెలుగు విద్యార్థికి ఇది కొత్తగా తోస్తుంది.

మార్కులుండగా ఈ వ్యాసం ఎందుకు? మార్కులు విద్యార్థి ఎంత నేర్చాడో చెబుతాయి. దేనిని చూసి ఆగి ఆలోచించాడో చెప్పవు. న్యాయవాది ఇతరుల కథలు విని, వాటిలో అవసరమైన సంగతిని ఏరి న్యాయస్థానం ముందుంచాలి. ఆ పనిని విద్యార్థి ముందుగా తన కథతో చేసి చూపుతాడు. కానీ ఎందరో గాంధీజీ, అంబేద్కర్ న్యాయవాదులేనన్న మాటతో మొదలుపెడతారు. అటువంటి వ్యాసంలో ఆ మహనీయులే కనిపిస్తారు కాని రాసినవాడు కనిపించడు.

అక్కడ అద్దె ఇంట్లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఇల్లు ఖాళీ చేయాలంటూ నోటీసు వచ్చింది. ఇంగ్లీషు రాని తల్లికి కూతురు దాన్ని చదివి వినిపించింది. ఆ అమ్మాయి తన వ్యాసంలో పేదరికాన్ని వర్ణిస్తూ రెండు పుటలూ నింపవచ్చు. లేదా, గడువు దాటితే యజమాని కోర్టుకు వెళతాడన్న వాక్యాన్ని తాను తెల్లవారేసరికి వెళ్ళిపోవాలన్నట్లుగా చెప్పానని, తల్లి ఆ రాత్రంతా సామాను సర్దిందని రాయవచ్చు. మొదటిది జాలి పుట్టిస్తుంది. రెండవదానిలో, ఒక్క వాక్యం మనిషిని ఎంత భయపెట్టగలదో తెలుసుకున్న బుద్ధి కనిపిస్తుంది. చేర్చుకోదగినది ఆ బుద్ధినే.

ఈ వ్యాసాన్ని యంత్రం చేత రాయించుకోవచ్చా అన్న ప్రశ్నకు విద్యాలయాలే ఒక్కమాట మీద లేవు. 2023లో మిచిగన్ న్యాయ కళాశాల కూడదన్నది. అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల అనుమతించింది. ఆ రాత్రి సామాను సర్దిన సంగతి యంత్రానికి తెలియదు గనుక ఈ వివాదాన్ని ఇంతటితో విడిచిపెట్టవచ్చు.

అంతకంటె పెద్ద చిక్కు వేరే ఉంది. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయాలలో జాతిని లెక్కలోకి తీసుకొని ప్రవేశాలు ఇచ్చే పద్ధతిని కొట్టివేసింది. అయితే జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి రాసుకుంటే, అది అతని ధైర్యాన్నో సామర్థ్యాన్నో తెలిపే మేరకు పరిశీలించవచ్చునని కూడా చెప్పింది. దీనితో వ్యాసం బరువు పెరిగింది. గాయాన్ని విప్పి చూపితేనే తలుపు తెరుచుకుంటుందన్న భయం విద్యార్థులలో కలగడం సహజం. కాని అడిగినవారు ఎంత పెద్దవారైనా, చెప్పదలచుకోని దుఃఖాన్ని దాచుకునే హక్కు విద్యార్థికి ఉంది. పైగా ఇంటి కష్టం ఒక్కరి సొత్తు కాదు. ఆ అమ్మాయి వ్యాసాన్ని పంపే ముందు తల్లికి తెలుగులో చదివి వినిపించాలి. ఆమె వద్దంటే మరొక సంగతి వెదుక్కోవాలి.