కోళ్లు, బాతులు, నీళ్లు: ఆదివారం తీర్మానానికి ముందు నా మాట



మన వీధి సంఘం గ్రూపులో పది రోజులుగా నడుస్తున్న చర్చ మీరంతా చూస్తూనే ఉన్నారు. "వీధిలో ఎవరూ కోళ్లు, బాతులు పెంచరాదు" అని ఆదివారం సమావేశంలో తీర్మానం పెడతామన్నారు. కోళ్లున్న ఇళ్లు మన వీధిలో రెండు. కోళ్లతో పాటు బాతులు కూడా ఉన్నది మా ఇంట్లోనే. కాబట్టి ఆ తీర్మానం ఎవరి గేటు ముందు ఆగుతుందో అందరికీ తెలుసు. నాకేమీ కోపం లేదు. కానీ ఫోనులో ఒక్కో ముక్కగా జవాబులిస్తూ పోతే తెమిలే వ్యవహారం కాదిది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు లెక్క చెప్పేస్తాను. అర గ్రౌండు కూడా లేని పెరట్లో ఆరు పెట్టలు, మూడు బాతులు. పుంజు లేదు. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజుతో పని లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. ఈ మాట చెబితే మన గ్రూపులో సగం మంది ఇప్పటికీ నమ్మరు. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లారుతుందనుకున్న ముసలమ్మ కథ మనందరికీ తెలుసు. కోడంబాక్కంలో తెల్లారడానికి లోకల్ రైలు చాలు.

బాతులంటే మామూలు చెరువు బాతులు కావు. పొడుగు మెడ, ముక్కు మొదట్లో బుడిపె ఉండే తెల్లవి, ఒక్కొక్కటి నాలుగైదు కిలోలు తూగుతాయి. ఇంగ్లీషులో గూస్ అంటారు. తెలుగులో మనం చిన్నదాన్నీ పెద్దదాన్నీ కలిపి బాతు అనేస్తాం, తమిళం వాళ్లకూ రెండూ వాత్తే. మన కావ్యాల్లోని హంస నిజానికి ఈ జాతి పక్షే అని వోగెల్ అనే డచ్చి పండితుడు 1962లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మా పెరట్లోవాటి నడవడి చూశాక వాటిని హంస అనడానికి నాకు నోరు రాలేదు. పల్లావరం శుక్రవారం సంతలో పిల్లలుగా ఉన్నప్పుడు కొన్నాను. ఇవి ఇరవై ఏళ్లు కూడా బతుకుతాయి. పండగ ముచ్చటకు కొనుక్కొచ్చి, ముచ్చట తీరాక వదిలించుకునే రకం కాదు.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది.

తెల్లవారుజామున అయిదున్నరకు మొదటి పని బాతుల తొట్టి ఒంపడం. తలుపు తీయడం దాని తర్వాతే. కోడి నీళ్లు ముక్కుతో గుక్కెడు తీసుకుని తల పైకెత్తి మింగుతుంది, దాని అవసరం అంతటితో సరి. బాతు అలా కాదు. తల మొత్తం ముంచాలి, ముక్కు రంధ్రాలు కడుక్కోవాలి, కళ్లు కడుక్కోవాలి, తర్వాత ఆ నీళ్లే ఒళ్లంతా చల్లుకోవాలి. చెరువు లేకపోయినా బతుకుతుంది గానీ తల మునిగే లోతు తొట్టి లేకపోతే కళ్లు పుసి కట్టి జబ్బు పడుతుంది. మెతుకు తిని వచ్చి నీళ్లలో ముంచుతుంది, మట్టి తవ్వి వచ్చి మళ్లీ ముంచుతుంది. శుభ్రమైన తొట్టి అరగంటలో కుడితి గోలెంలా తయారవుతుంది. పైగా గడ్డీ ఆకూ తినే పక్షి కాబట్టి ఎంత తింటుందో అంతా వెంటవెంటనే బయటికి పోతుంది. నడిచినంత మేరా రెట్టే.

కోడికి సరిగ్గా దీనికి ఎదురు కావాలి. పొడి నేల, పొడి బూడిద, పొడి ఊక. కాళ్లతో గీరి, దుమ్ములో పొర్లితేనే దాని ఒంటి మీది పేలు పోతాయి. తడి నేల మీద కోడిని నిలబెడితే పాదాలు పుండ్లవుతాయి, తడిసిన ఊకలోంచి అమ్మోనియా ఘాటు లేస్తుంది. "కోళ్ల వాసన" అని మనం ముక్కు మూసుకునేది ఎక్కువ భాగం ఈ తడిసిన ఊక వాసనే. ఎండిన కోడి రెట్టకు అంత ఘాటు ఉండదు, ఊళ్లో పెరిగిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అంటే ఈ రెండు పక్షుల్నీ ఒక చిన్న పెరట్లో కలిపి పెంచడమంటే, తడి కోరేదాన్నీ పొడి కోరేదాన్నీ ఒకే ఇంట్లో కాపురం పెట్టించడం. వాసన గురించి పక్క అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు అక్కయ్య అడిగిన ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. దానికి జవాబు పక్షుల్ని లెక్కపెట్టడంలో దొరకదు. నీళ్లు ఎక్కడ పెట్టాం, ఎక్కడికి పోతున్నాయి అన్నదాంట్లో దొరుకుతుంది.

మా ఇంట్లో బాతుల తొట్టి పెరటి కింది మూల, ఇనుప జాలీ మీద ఉంటుంది. జాలీ కింద మోకాలి లోతు గొయ్యిలో కంకర. చిందిన నీళ్లు కంకరలో ఇంకి పక్కనున్న అరటి పాదుకు పోతాయి. కోళ్ల గూడు పై మూలన. వాటి నీళ్లు పైపుకు బిగించిన చిన్న నిపుల్స్‌లో వస్తాయి, నేల మీద చుక్క పడదు. కోళ్ల దాణా నడుమెత్తు బల్ల మీద పెడతాను, కోడి ఎగిరి ఎక్కుతుంది, బాతు ఎక్కలేదు. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం పాలు ఎక్కువ, బాతులకు అది మంచిది కాదు, అందుకే ఈ ఏర్పాటు. బాతులకు నానబెట్టిన గోధుమలు, తవుడు, కూరగాయల కొట్టులో తీసి పారేసే క్యాబేజీ ఆకులు, అవిసె ఆకు. మన పేటలో మేపడానికి పచ్చిక ఎక్కడుంది గనక.

ఇప్పుడు వాసన కంటే పెద్ద సంగతి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాన నీటి గుంట తప్పనిసరి. మన వీధిలో పాత ఇళ్లకు బావులున్నాయి, కొత్త అపార్ట్‌మెంట్లకు బోర్లున్నాయి. పైన గోడలు వేరువేరు గానీ కింద నీళ్లు ఒకటే. 2019 జూన్‌లో పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయినంత పనైనప్పుడు లారీ కోసం బిందెలతో నిలబడ్డవాళ్లం మనం. ఐప్పసి, కార్తీక వానల్లో పెరటి రెట్ట కొట్టుకుపోయి ఆ గుంటలో పడితే, అది నా ఒక్కడి బావిలోకే పోదు. చర్చలో ఈ మాట ఒక్కరు కూడా ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. వాసన వస్తే ముక్కు చెబుతుంది. బావిలోకి దిగినది ఎవరికీ చెప్పదు. అందుకే మా ఇంట్లో మేడ మీద పడ్డ వాన మాత్రమే పైపు ద్వారా గుంటలోకి పోతుంది. పెరటి నేల మీది వానకు గట్టు కట్టి అరటి, కరివేపాకు పాదుల్లోకి మళ్లించాం. పక్షులున్న ప్రతి ఇల్లూ ఇది చేయాల్సిందే. చేయలేని ఇల్లు పక్షుల్ని పెంచకూడదు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

దోమల ప్రశ్న కూడా నీళ్ల ప్రశ్నే. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే వరకు వారం, పది రోజులు నిలవ నీరు కావాలి. రోజుకు రెండు సార్లు ఒంపే తొట్టిలో దానికి ఆ అవకాశం దొరకదు. కార్పొరేషన్ నుంచి దోమల తనిఖీకి వచ్చే అమ్మాయి ముందు మేడ మీద మరిచిపోయిన పూల కుండీలు చూస్తుంది, ఆ తర్వాతే తొట్లు. ఆమెకు తెలుసు.

బర్డ్ ఫ్లూ మాటకు వస్తాను. చాలామంది అసలు భయం ఇదే, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో వచ్చింది, మనలో ఎంతమందికి అక్కడ చుట్టాలున్నారో చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఫారాలకు ఫారాలే పోయాయి. ఆ మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఆ వైరస్‌తో చనిపోయింది. ఇందులో నాలాంటివాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ వైరస్ సోకితే కోళ్లు గంటల్లో, రోజుల్లో రాలిపోతాయి. బాతు జాతి పక్షులు మాత్రం కొన్నిసార్లు పైకి ఏ జబ్బూ కనబడకుండానే వైరస్‌ను మోస్తాయి, రెట్టతో నీళ్లలోకి వదులుతాయి. ఆ నీళ్లే కోడి తాగితే ఇక చెప్పేదేముంది. కోళ్లనూ బాతుల్నీ ఒక తొట్టి దగ్గర తాగనివ్వొద్దని పశువైద్యులు చెప్పేది అందుకే. పళ్లికరణై చిత్తడికి ప్రతి చలికాలం వలస పక్షులు దిగే ఊరు మనది. మన పెరట్లకు అవి రావు గానీ కాకులు వస్తాయి, కాకి ఎక్కడికైనా వెళ్లొస్తుంది. కాబట్టి దాణా, నీళ్లు కప్పు కింద ఉండాలి. ఒకేసారి రెండు పక్షులు చచ్చిపోతే గుట్టుగా పాతిపెట్టకుండా వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. వేపేరి పశువైద్య కళాశాల మనకు ఎంత దూరం? 1903లో పెట్టిన కళాశాల, దేశంలోని పాతవాటిలో ఒకటి. కొక్కెర తెగులు టీకా అడగడానికి కూడా సిగ్గుపడేవాళ్లున్నారు మనలో, కుక్కకైతే పడరు.

శబ్దం గురించి. నేను ముప్పై ఏళ్లు డబ్బింగ్ థియేటర్లలో పనిచేసి రిటైరైన మనిషిని. చెవి నా బతుకుతెరువు. బాతు అరుపు చిన్నదని నేను అనను. పెద్దదే, గరుకైనది, పైగా చెప్పాపెట్టకుండా వస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటరాదని 2000 సంవత్సరపు నియమాలు అంటాయి. మన వీధిలో రాత్రి ఒక్క బుల్లెట్ బండి వెళ్తేనే ఆ హద్దు చెల్లిపోతుంది. అయినా బండి వెళ్లిపోతుంది, బాతు పక్కనే ఉంటుంది, తేడా నాకు తెలుసు. బాతు రాత్రి అరిచేది ఎక్కువగా కదిలే వెలుతురుకు, కొత్త అలికిడికి. మూడు వైపులా మూసి, వీధి లైటు పడకుండా చీకటి చేసి, ఎవరి పడకగది కిటికీకీ ఆనకుండా గూడు పెడితే చాలావరకు పడుకుంటాయి. పూర్తిగా నోరు మూయించే విద్య ఎవరి దగ్గరా లేదు. పందికొక్కు వస్తే అరుస్తాయి. రోములో కోట కాపాడిన బాతుల కథ చెప్పి మిమ్మల్ని మెప్పించాలని లేదు, మావి గ్యాస్ సిలిండర్ కుర్రాడి మీదికి కూడా వెళ్తాయి.

ఇన్ని తిప్పలుంటే ఎందుకయ్యా పెంచడం అని ఒకాయన అడిగారు. గుడ్లు చవకని మాత్రం చెప్పను. దాణా, ఊక, టీకాలు కలిపితే కొట్టులో గుడ్డే చవక. బాతైతే ఏడాదంతా పెట్టదు కూడా, ఒక ఋతువులో కొన్ని పెట్టి ఊరుకుంటుంది. కానీ మా రెండిళ్ల వంటింటి తొక్కలు, మిగిలిన అన్నం కార్పొరేషన్ బండి ఎక్కవు. అరటికీ కరివేపాకుకూ ఎరువు కొనలేదు. పై అంతస్తు పిల్లలు సాయంత్రం వచ్చి, పొదిగే పెట్ట ఇరవై ఒక్క రోజులు ఎలా కూర్చుంటుందో చూశారు. పుంజు లేని ఇంట్లో గుడ్లు ఎలా పొదిగిందంటారా, వేరే ఇంటి నుంచి తెచ్చి పెట్టాం. తన పిల్ల కాకపోయినా రెక్క కింద పెట్టుకుంటుందా అని వాళ్లలో ఒక చిన్నది అడిగింది, రెండు రోజులు దాని చుట్టూనే తిరిగింది.

మరొకటి. ఈ నగరానికి కోడి కొత్త కాదు. మనకు నాలుగడుగుల దూరంలోని నందనంలో ప్రభుత్వ కోళ్ల పరిశోధన కేంద్రం ఉండేది, అక్కడ తయారైన జాతికి నందనం కోడి అనే పేరు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంలో వనరాజా, గ్రామప్రియ తయారైనట్టే. పెరటి కోసమే తీసిన జాతులవి. పెరళ్లు పోయాయి గానీ జాతులు మిగిలాయి. సినిమావాళ్ల పాత ఇళ్లన్నీ ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతుంటే, మన వీధిలో మట్టి కనిపించే ఇళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నిషేధం పెట్టినా పెట్టకపోయినా ఇంకో పదేళ్లలో ఈ చర్చకు ఇళ్లే మిగలవేమో.

సరే, తీర్మానం. "పెంచరాదు" అనే మాట తీసేసి నీళ్ల మీద తీర్మానం రాద్దామని నా ప్రతిపాదన. పక్షులున్న ఇంటి పెరటి నీరు వాన గుంటలోకి గానీ వీధి కాలువలోకి గానీ పోరాదు. కోళ్లకూ బాతులకూ నీళ్లు, దాణా, రాత్రి గూడు వేరువేరుగా ఉండాలి, అంత చోటు లేకపోతే బాతులు వద్దు, కోళ్లతో సరిపెట్టుకోవాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో రెండూ వద్దు. పుంజు ఉంచాలంటే చుట్టూ నాలుగిళ్ల ఒప్పుకోలు కావాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, పక్షులున్న ఇంటి బావి నీళ్లూ ఇరుపక్కల బోరు నీళ్లూ ల్యాబులో పరీక్ష చేయించాలి. ఖర్చు పక్షుల యజమానిదే. మొదటి పరీక్ష ఈ నెలలోనే, మూడు చోట్లదీ నేనే కడతాను, ఫలితం గ్రూపులో పెట్టేస్తాను. నా బావి వల్ల పక్కవాళ్ల బోరు చెడినట్టు ఆ కాగితం చెబితే బాతుల్ని తిరువళ్లూరు వైపు తోట ఉన్న మిత్రుడికి ఇచ్చేస్తాను.

తీర్మానానికి ఓటు వేసేముందు శనివారం పొద్దున ఆరింటికి ఎవరైనా వచ్చి చూడొచ్చు, తొట్టి కడిగే వేళ అది. గేటు దగ్గర ఆగి ఒక కేక వేయండి. మగ బాతుకు కొత్తవాళ్లు పడరు.