సత్రంలో సామాను

ఢిల్లీలో జేఎన్‌యూ పాత క్యాంపస్ ఎదుట ఉండే బేర్ సరాయ్ పేరు చెప్పగానే గుర్తొచ్చేవి సివిల్స్ నోట్సు అమ్మే కొట్లు, జిరాక్సు, బైండింగు షాపులు. జేఎన్‌యూ, ఐఐటీల్లో చదివే తెలుగు విద్యార్థులకు ఆ సందులు సుపరిచితం. థీసిస్ గడువు దగ్గరపడిందంటే జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని అక్కడికి పరుగెత్తాల్సిందే.

పాలమూరు వలస కూలీలపై పరిశోధన చేసిన ఒక విద్యార్థిని అలాగే వచ్చిందనుకుందాం. పది మెగాబైట్ల థీసిస్ ఫైలు క్షణంలో కాపీ అయింది. తెచ్చిన అప్పుల గురించి, తీసుకుపోయిన మేస్త్రీ గురించి ఒక కూలీ గంటన్నర సేపు చెప్పిన వీడియో మాత్రం ఎక్కనంటోంది. దాని పరిమాణం 6 గిగాబైట్లు. 32 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో సగానికి పైగా ఖాళీయే. అయినా ఫైలు మరీ పెద్దదంటూ కంప్యూటర్ మొరాయిస్తోంది. సీట్లు ఖాళీగా ఉన్నా బస్సెక్కనివ్వని కండక్టర్‌లా.

లోపం చోటుది కాదు, పద్దు పుస్తకానిది. ఏ ఫైలు ఎక్కడుంది, ఎంతుంది అనే లెక్కను చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పద్ధతిలో రాసుకుంటాయి. అందులో ఫైలు పరిమాణం రాయడానికి కేటాయించింది 32 బిట్లే. వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య 429,49,67,295. అంటే 4 గిగాబైట్లకు ఒక్క బైటు తక్కువ. విండోస్ 95 సవరించిన వెర్షన్‌తో 1996లో ఈ పద్ధతి వచ్చినప్పుడు అదేమీ తక్కువనిపించలేదు. అప్పట్లో ఇంటి కంప్యూటర్ హార్డ్‌డిస్క్ మొత్తం కలిపినా ఒకటి రెండు గిగాబైట్లే. ఇప్పుడు ఫోన్‌తో తీసిన ఒక్క ఇంటర్వ్యూ చాలు, ఆ గీత దాటడానికి.

దారి లేకపోలేదు. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే ఈ అడ్డు తొలగుతుంది. విండోస్, మ్యాక్ రెండూ దాన్ని చదువుతాయి, రాస్తాయి. లినక్స్ కెర్నెల్‌లోకీ 2019లో వచ్చి చేరింది. అయితే ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందే వేరేచోట దాచుకోవాలి. పాత టీవీలు, ప్లేయర్లు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించవు. అలాంటప్పుడు సెవెన్ జిప్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఫైలును ముక్కలు చేసి పట్టుకెళ్లి, గమ్యం చేరాక మళ్లీ కలుపుకోవచ్చు.

ఫైలు ఎక్కిందంటే పని అయిపోయిందనుకుంటాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పెన్‌డ్రైవ్‌లోని చిప్ సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే ఆ ఆవేశం మెల్లగా జారిపోతుంది. కాపీ అవుతుండగా లాగేస్తే ఒక్క ఫైలే కాదు, మొత్తం పద్దే చెడిపోవచ్చు. చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండానే చిప్ చచ్చిపోతుంది. అగ్గువకు దొరికే నకిలీ సరుకు సంగతి వేరే చెప్పాలి. పైన టెరాబైట్లని రాసి ఉంటుంది, లోపల ఉండేది కొన్ని గిగాబైట్లే. నిండాక వచ్చే ఫైళ్లు కాపీ అయినట్టే కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు.

ఇక షాపు కంప్యూటర్. రోజంతా ఎందరివో పెన్‌డ్రైవ్‌లు తగిలించే చోట వైరస్ ఉందంటే వింతేముంది? 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ పాకిన దారుల్లో ఇదీ ఒకటి. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. మేస్త్రీకి వ్యతిరేకంగా నోరు విప్పిన కూలీ ముఖం, గొంతు, ఊరి పేరు ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉన్నాయి. కౌంటర్ మీద మరిచిపోతే నష్టపోయేది పరిశోధకురాలు ఒక్కతే కాదు. అందుకే ప్రింటింగుకు తీసుకెళ్లే పెన్‌డ్రైవ్‌లో ప్రింటు తీయాల్సిన ఫైలు తప్ప మరేమీ ఉండకూడదు. ఇంటర్వ్యూలకు వేరే హార్డ్‌డిస్క్, దానికి పాస్‌వర్డ్ తాళం, మరోచోట ఇంకో ప్రతి ఉండాలి.

యూజీసీ 2009 నిబంధనల పుణ్యమా అని థీసిస్‌కు ఒక శాశ్వత చిరునామా దొరికింది. ఎలక్ట్రానిక్ ప్రతి శోధ్‌గంగలో చేరుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు. కానీ ఆ థీసిస్‌కు ప్రాణం పోసిన గొంతులు చాలావరకు పరిశోధకుల సొరుగుల్లోనే ఉండిపోతాయి. పోగొట్టుకున్న అధ్యాయాన్ని తిట్టుకుంటూనైనా మళ్లీ రాసుకోవచ్చు. పని వెతుక్కుంటూ ఊరు మారిన కూలీని మళ్లీ ఎక్కడని వెతకడం? దొరికినా అదే మాట అలాగే చెబుతాడా? థీసిస్ అడిగి తీసుకునే విశ్వవిద్యాలయాలు, చెప్పినవారి అనుమతితో, వారి వివరాలు బయటికి పొక్కకుండా ఈ రికార్డింగులనూ భద్రపరచాలి. అందుకయ్యే ఖర్చు ఒక పరిశోధనకు పెట్టే ఖర్చులో ఏ మూలకు?

సరాయ్ అంటే బాటసారుల సత్రం. పెన్‌డ్రైవ్ కూడా అంతే. ఒక రాత్రికి మూట దించుకోవడానికి బాగానే ఉంటుంది. ఇల్లనుకుని అక్కడే సామానంతా సర్దుకుంటేనే చిక్కు.