సరుకు గోడౌన్‌లో ఆగకపోతే ఎవరికి లాభం?

పెద్ద మార్ట్‌లో నూనె, సబ్బులు మన గల్లీ కిరాణా కంటే తక్కువకు ఎలా ఇస్తున్నారు? ఎక్కువ కొంటారు కాబట్టి కంపెనీ రేటు తగ్గిస్తుంది, నిజమే. కానీ అది సగం జవాబే. మిగతా సగం గోడౌన్ దగ్గర తెలుస్తుంది.

క్రాస్ డాకింగ్ అనే పద్ధతి ఉంది. ఒక పెద్ద షెడ్డు, ఒకవైపు కంపెనీల లారీలు దిగుతుంటాయి, ఇంకోవైపు షాపులకు వెళ్లే డీసీఎంలు రెడీగా ఉంటాయి. దిగిన సరుకు ర్యాకుల్లోకి ఎక్కదు. ఏ షాపుకు ఎన్ని డబ్బాలో ముందే కంప్యూటర్‌లో ఉంటుంది, అక్కడికక్కడే విడదీసి అవతలి బండిలో వేస్తారు. అమెరికాలో వాల్‌మార్ట్ 1980లలోనే దీన్ని భారీగా వాడి ఎదిగింది. అదే వాల్‌మార్ట్ 2018లో మన ఫ్లిప్‌కార్ట్‌లో దాదాపు 77 శాతం వాటా కొన్నది.

లెక్క చూద్దాం. 10 లక్షల సరుకు నెల రోజులు గోడౌన్‌లో కూర్చుందనుకోండి. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే ఆ నెల వడ్డీయే 10 వేలు. 5 రోజుల్లో కదిలిపోతే 1,700 కూడా కాదు. గోడౌన్ అద్దె, రెండుసార్లు ఎత్తి దించే కూలి, పాడైన సరుకు దీనికి అదనం.

మన దగ్గర ఇది ఆలస్యంగా రావడానికి పన్నులూ ఒక కారణం. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ నుంచి విజయవాడకు అమ్మినా అంతర్రాష్ట్ర అమ్మకమే, దాని మీద సీఎస్టీ. అది తప్పించుకోడానికి కంపెనీలు రాష్ట్రానికో గోడౌన్ పెట్టేవి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ అవసరం పోయింది. జీఎస్టీ అంటే చిన్న వ్యాపారులకు రిటర్నుల తలనొప్పే గుర్తొస్తుంది, పెద్ద కంపెనీలకు మాత్రం దారి సాఫీ అయింది.

దీని బరువు పడేది ఎవరి మీద? గోడౌన్ తగ్గితే హమాలీకి పని తగ్గుతుంది. మధ్యలో సరుకు నిల్వ పెట్టి, కిరాణా వాళ్లకు అప్పు మీద ఇచ్చే డిస్ట్రిబ్యూటర్ బలహీనపడతాడు. ఆ అప్పు ఆగితే, మనకు ఖాతా రాసే షాపు భాయ్ కూడా ఖాతా ఆపాల్సిందే. మార్ట్‌లో రెండు రూపాయలు తగ్గొచ్చు గానీ, నెలాఖరున ఉద్దెర ఎవరిస్తారు?

పైగా ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. నిల్వ తక్కువ కాబట్టి ఒక్క లారీ ఆగినా షాపులో అర ఖాళీ. 2020 లాక్‌డౌన్ మొదటి రోజుల్లో బండ్లు ఆగినప్పుడు ఇది అందరం చూశాం. రంజాన్, సంక్రాంతి ముందు అమ్మకాల అంచనా తప్పితే కూడా అదే గతి.

నా దృష్టిలో చిన్న షాపులు దీన్ని తిట్టుకుంటూ కూర్చోవడం దండగ. ఒకే బస్తీలో పది మంది కలిసి ఒకే ఇండెంట్ పెడితే లారీ ఒక చోట దిగుతుంది, సరుకు ఆటో ట్రాలీల్లో అదే పూట షాపులకు చేరుతుంది. ఇదీ క్రాస్ డాకింగే, ఖర్చు లేనిది. కాకపోతే ఏ సరుకు వారానికి ఎంత పోతుందో ప్రతి షాపులో రాసి ఉండాలి. చాలా చోట్ల ఆ లెక్క ఇప్పటికీ ఓనర్ తలకాయలోనే ఉంది.